ఇంద్రజంత బరువు

పైపులు తూచే కాటా మీద ముందుగా చిన్ని ఎక్కింది.

"కదలకుండా నిలబడవే. అంకెలు ఆగట్లేదు," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"నేనేం కదలట్లేదు నాన్నా. మీ కాటాకే కుదురు లేదు."

కంచె కడ్డీల కోసం సీతానగరం నించి వచ్చిన రైతు ఒకాయన బేరం ఆపి మరీ ఈ తమాషా చూస్తున్నాడు. కోటిపల్లి బస్టాండు పక్క సందులోని ఆ ఇనుప కొట్లో మనుషులు తూకానికి నిలబడటం అదే మొదలు. కాటా డబ్బా మీద ఎర్రగా వెలిగిన అంకె చూసి, గుమస్తా అబ్బులు సుద్దముక్కతో తుప్పు రేకు మీద రాసుకున్నాడు. తర్వాత ఇంద్రజ వంతు. గల్లా దగ్గర్నించి లేచి వచ్చి, చెప్పులు విడిచి, చేతిలో ఫోను కూతురికిచ్చి ఎక్కింది.

"అబ్బులూ, నా బరువు సందంతా వినపడేలా చదివావంటే ఊరుకోను."

"చెవిలో చెప్తానండి అమ్మగారూ. మీ చెవిలోనా, అయ్యగారి చెవిలోనా?"

"ఆయనకి తెలియందేముంది, తూకం లెక్కన కట్టబెట్టిన సరుకని పెళ్ళైన దగ్గర్నించీ అంటూనే ఉన్నారు."

అందరూ నవ్వారు. పరమేశ్వరి కూడా నవ్వింది. ఆవిడ ఉదయ్‌భాస్కర్‌కి అక్క. ఉండేది తమ్ముడింట్లోనే. పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. రోజూ లాగే పొద్దున్న ఫలహారం కేరేజీ పట్టుకుని కొట్టుకి వచ్చింది. కేరేజీని గునపాల కట్ట మీద పెట్టి, ఇంద్రజ కాటా దిగుతుండగా తన చెప్పులు కూడా విడిచి పక్కన పెట్టింది. కొంగు బిగించి దోపుకుంది.

"అక్కయ్యా, కాస్త వెనక్కి జరుగు. నీ కాలు కాటాకి తగులుతోంది, లెక్క తప్పిపోతుంది," అన్నాడు తమ్ముడు.

ఆవిడ వెనక్కి జరిగింది.

"పరమేశ్వరమ్మగారిని కూడా చూడొద్దాండీ?" అడిగాడు అబ్బులు.

"ఆవిడెందుకు? ఇంట్లో ఉంటుంది కదా." ఆ మాటలో విసుగు లేదు, చిన్నచూపు లేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నట్టు అన్నాడు తమ్ముడు. తర్వాత రేకు మీద అంకెలు కూడటంలో పడ్డాడు.

పరమేశ్వరి చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. "పెసరట్లు చల్లారిపోతాయి, తినండి," అంది.

ఇదంతా చిన్ని ఫోనుతో మొదలైంది. ఎవరో దొరలు కారు వెనక చిన్న గదిని తగిలించుకుని కొండలకి పోయి, ఏటి ఒడ్డున ఆపుకుని, వెనక తలుపెత్తితే స్టవ్వు, పక్క తలుపు తీస్తే పరుపు, అలా రాత్రంతా చలిలో వెచ్చగా పడుకునే వీడియోలు. డిగ్రీ చదివే పిల్ల చూపించిన ఆ వీడియోలు తండ్రి దుకాణం కట్టేశాక తను కూడా చూడటం మొదలుపెట్టాడు. కొనాలంటే మనకి దొరకవు. చేయించాలి. ఇనుము మన కొట్లోదే. కార్తీకం వెళ్ళగానే మారేడుమిల్లి అడవిలో ఏటి పక్కన రెండు రాత్రులు.

"నేను కారు తోలతాను. మీరు వెనక పరుపు మీద దొర్లుతూ, కిటికీలోంచి అడవి చూస్తూ రండి," అని చెప్పాడు ఇంట్లో. "చిన్నప్పుడు కోరుకొండ తీర్థానికి ట్రాక్టర్ తొట్టిలో గడ్డి పరుచుకుని వెళ్ళలేదూ, అలాగే."

ఆ 'మీరు'లో తానూ ఉన్నాననే పరమేశ్వరి అనుకుంది. అడవి సంగతి అటుంచి, పాలవాడు తలుపు కొడితే లేచి తీయనక్కర్లేని తెల్లవారుజాము ఒకటి ఎక్కడో ఉంటుందని, అందులో తను కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంటుందని వారం నించీ ఊహించుకుంటోంది. ఇవాళ కాటా దగ్గర ఆ ఊహకి చోటు లేదని తేలింది.

సాయంత్రం బీరకాయలు చెక్కు తీస్తూ, మాట వరసకి అడిగినట్టు అడిగింది. "బండిలో ఇద్దరికే చోటుంటుందేంటి ఇంద్రజా?"

"చోటుకేం వదినా, ముగ్గురు పడుకోవచ్చు. బరువుతోనే చిక్కు. మన కారు చిన్నది కదా, ఘాట్ రోడ్డు ఎక్కలేదేమోనని మీ తమ్ముడి భయం. ఇనప యాంగిలర్లతో ఫ్రేము కడితే దాని బరువే సగం తినేస్తోందట. పైన పక్క, నీళ్ళు, బ్యాటరీ, మేమిద్దరం." ఇంద్రజ చేతిలో చాకు ఆగింది. "లేకపోతే మిమ్మల్ని వదిలేసి వెళ్తామా?"

ఇంద్రజ అబద్ధాలాడే మనిషి కాదు. ఆ సంగతి పరమేశ్వరికి తెలుసు. కాబట్టి 'లేకపోతే' అన్న మాటని ఆవిడ ఉన్నదున్నట్టే తీసుకుంది. చట్రం బరువు తగ్గితే మనిషికి చోటు దొరుకుతుంది. అంటే తను చూసుకోవలసింది చట్రం సంగతి.

ఆ రాత్రి భోజనాలయ్యాక చిన్ని ఫోను అడిగి తీసుకుని వీడియోలు పెట్టించుకుంది. మాటలు అర్థం కాలేదు. ఆ దొరలు కూర వండుకోవడం, కుక్కపిల్లని ఆడించడం వదిలేసి, గోడలు పెట్టకముందు ఎముకల గూడులా నిలబడ్డ బండినే మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపించి చూసింది. తెల్లగా, సన్నగా, ఎదురింటి అపార్టుమెంటులో జరిపే కిటికీల అంచుల్లా ఉన్నాయి ఆ కడ్డీలు.

"అత్తా, నువ్వేంటి ఇంజనీరింగ్‌లో చేరావా?" అంది చిన్ని.

"ఫీజు నువ్వు కడతావా?"

మర్నాటి నించి తమ్ముడి మధ్యాహ్నం భోజనం లాలాచెరువు దగ్గర యెహెజ్కేలు షెడ్డుకే పట్టుకెళ్ళింది. ఆటో ఎక్కి, ఒళ్ళో కేరేజీ పెట్టుకుని. యెహెజ్కేలు టిఫిన్ బళ్ళకీ, ఆటోలకీ పైకప్పులు కడతాడు. ఆఫీసుల్లో అద్దాల గదులు కడతాడు. పాస్టరుగారి మైకు వ్యానుకి వెనక డబ్బా కట్టింది కూడా అతనే. ఉదయ్‌భాస్కర్ బండి గురించి చెప్పగానే అతను మొదట అడిగిన మాట, "వెనక ఎంతమంది కూర్చుంటారండీ?" ఇద్దరని చెప్పాడు ఉదయ్‌భాస్కర్. అతను తలూపి, నేల మీద సుద్దతో పొడవూ వెడల్పూ గీశాడు.

ఆవిడ వెళ్ళేసరికి ఆ గీతల మధ్య నిలబడి ఇద్దరూ వాదించుకుంటున్నారు. ఉదయ్‌భాస్కర్ చేతిలో యాంగిలర్ ముక్క ఉంది. దాన్ని స్పానర్‌తో కొట్టి చూపిస్తున్నాడు.

"విన్నావా మోత? ఇదీ సరుకంటే. మా నాన్న హయాం నించీ జనం చేత్తో ఎత్తి చూసి, బరువుంటేనే కొంటారు మా దగ్గర."

"కొనేటప్పుడు బరువుంటే మంచిదేనండి. లాగేటప్పుడు కూడా ఆ బరువే కదండీ ఉండేది."

"పోనీ చెక్కతో?"

"చెక్క తడిస్తే ఇంకా బరువెక్కుద్దండి. మన గోదారి జిల్లాల్లో తడవకుండా ఏదుంటదండీ?"

పరమేశ్వరి కేరేజీని బల్ల మీద పెట్టి, గోడకి ఆనించిన యాంగిలర్ నిలువుని ఎత్తబోయింది. ఒక కొస లేచింది గానీ రెండోది నేల వదల్లేదు. పక్కనే అద్దాల గదులకి వాడే అల్యూమినియం డబ్బా పైపు ఉంది. అదే పొడవు. దాన్ని ఒక చేత్తో ఎత్తి, భుజానికి ఆనించుకుని నిలబడింది.

"ఇదెందుకు పనికిరాదు?"

ఇద్దరూ ఆవిడ వంక చూశారు. "పనికిరాదని కాదమ్మా," అన్నాడు యెహెజ్కేలు. "దీనికి మామూలు వెల్డింగు పట్టదండి. కరిగిపోద్ది."

"మరి దానికేం చెయ్యాలి?"

"రివెట్లు కొట్టాలండి. బోల్టులు వేసుకోవాలి. కానీ మన రోడ్ల కుదుపుకి రివెట్లు వదులైపోతాయండి."

"మరి దానికేం చెయ్యాలి?"

"మూలమూలకీ పలకలు పెట్టి బిగించుకోవాలి. నైలాన్ నట్లు వాడాలి, అవి ఊరికే ఊడి రావు. పని పెరుగుద్దండి."

"అక్కయ్యా, అన్నం పెట్టేసి వెళ్ళు. నీకెందుకీ గోల?" అన్నాడు తమ్ముడు. చేతిలోని పైపు తీసుకుని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. నొక్కుపడుతుందని ఆశించాడేమో, పడలేదు. "ఇది పప్పు గరిటెలా ఉంది. దీని మీద మనుషుల్ని కూర్చోబెడతామా?"

"బస్సుల పైభాగం అంతా ఇదేనండి ఇప్పుడు," అన్నాడు యెహెజ్కేలు. "అయినా మీ మాట కూడా నిజమేనండి. కింద ఇరుసూ, కారుకి తగిలించే మెడా ఇనుమే ఉండాలి. అది కూడా యాంగిలర్ వద్దు. లోపల గుల్లగా ఉండే చదరపు పైపు వేద్దాం. పైన గూడంతా అల్యూమినియం. రెండూ కలిసిన చోట మధ్యలో రబ్బరు పట్టీ వెయ్యాలి, లేకపోతే వానకి ఒకదాన్నొకటి తినేస్తాయండి."

"అప్పుడు ఎంత తగ్గుతుంది?" అడిగింది పరమేశ్వరి.

"చాలా తగ్గుద్దండి."

ఉదయ్‌భాస్కర్ ఆ రోజు ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి ఆలోచిస్తానన్నాడు. మర్నాడు ఆవిడ వెళ్ళి మళ్ళీ అవే ప్రశ్నలు అడిగింది. కుదుపుకి గూడు పక్కకి వాలితే? ఏటవాలుగా కడ్డీ వెయ్యాలి. తలుపు పెట్టే చోట ఏటవాలు కడ్డీ అడ్డం కదా? అక్కడ పలక పెద్దది చెయ్యాలి. ఆవిడకి జవాబులు తెలియవు, భయాలే తెలుసు. ఇంట్లోవాళ్ళు ఎవరు ఊరు వెళ్ళినా, చేరామని ఫోను వచ్చేదాకా జరగగల ప్రమాదాలన్నీ వరసగా ఊహించుకునే మనిషి. ఆ అలవాటు షెడ్డులో బాగా పనికొచ్చింది. మూడోనాటికి యెహెజ్కేలు ఏ ముక్క బిగించినా, "దీనికేం భయముందమ్మా?" అని తనే అడగడం మొదలుపెట్టాడు. ఉదయ్‌భాస్కర్ చివరికి, "సరే, కానియ్యండి. బజార్లో మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇనప కొట్టువాడు అల్యూమినియం వాడాడంటే నవ్వుతారు," అన్నాడు.

పని జరిగినన్నాళ్ళూ ఆవిడ భోజనం పెట్టేసి వెళ్ళిపోలేదు. యెహెజ్కేలు పైపుకి డ్రిల్లు పెడుతుంటే రెండో కొస కదలకుండా పట్టుకునేది. డ్రిల్లు దిగుతుంటే తెల్లటి పొట్టు మెలికలు తిరుగుతూ రాలి చీర కుచ్చిళ్ళలో చిక్కుకునేది. బెజ్జం చుట్టూ లేచిన గరుకుని అతను ఆకురాయితో తీసేసేవాడు. రివెట్టు తుపాకీ పిడి రెండుసార్లు నొక్కితే టక్కుమని తోక తెగి పడేది. ఆ తోకలన్నీ ఆవిడ ఏరి డబ్బాలో వేసేది. మొదట్లో మోతకి ఉలిక్కిపడేది, తర్వాత అలవాటైంది. పని చేసే మనుషుల మధ్య కూర్చుంటే, ఎవరూ ఏమీ అడక్కుండానే తనకి చోటు ఉండటం ఆవిడకి నచ్చింది.

గూడు పూర్తయిన రోజు ఇనుప కొట్టు నించి కాటా తెప్పించారు. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని ఎత్తారు: ఉదయ్‌భాస్కర్, అబ్బులు, యెహెజ్కేలు, నాలుగో మూల పరమేశ్వరి. ఇంత తేలిగ్గా లేస్తుందని ఎవరూ అనుకోలేదు. అబ్బులైతే బలం ఎక్కువ పెట్టి తూలాడు. అంకె చూసి ఉదయ్‌భాస్కర్ నమ్మలేదు, దింపి మళ్ళీ ఎత్తించాడు.

"యాంగిలర్లతో కట్టుంటే," అన్నాడు యెహెజ్కేలు చేతులు తుడుచుకుంటూ, "దీని మీద ఇంకో మనిషి ఎక్కి కూర్చున్నంత బరువుండేదండి."

పరమేశ్వరి తమ్ముడి మొహం వంక చూసింది. అతను కూడా ఆ మాట విన్నాడు. నవ్వాడు. "నీ పుణ్యమే అక్కయ్యా," అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చి అటక మీది పెట్టె దింపించి, ఉన్ని శాలువా తీసి పెరట్లో దండెం మీద ఎండ వేసింది. సాయంత్రం అది తీయకుండా అలాగే ఉంచింది. ఎవరైనా అడుగుతారని.

రాత్రి భోజనాల దగ్గర ఉదయ్‌భాస్కర్ హుషారుగా ఉన్నాడు. "బోలెడు బరువు మిగిలింది," అన్నాడు ఇంద్రజతో. "నువ్వు చిన్న ఫ్రిజ్ అడిగావు కదా, పెట్టించేద్దాం."

"నిజంగానా? పెరుగు పులిసిపోకుండా ఉంటుంది."

"ఫ్రిజ్ అంటే పెద్ద బ్యాటరీ కావాలి నాన్నా," అంది చిన్ని.

"అదీ చూశాను. రెండూ కలిపితే సరిగ్గా సరిపోతుంది. ఒక్క కేజీ అటూ ఇటూ లేదు."

పరమేశ్వరి మజ్జిగ వడ్డిస్తోంది. గిన్నె అంచు తమ్ముడి కంచానికి తగిలి చిన్న చప్పుడైంది. "మెంతికాయ వేస్తావా అక్కయ్యా?" అన్నాడు. వేసింది. మిగతావాళ్ళకి కూడా వేసింది.

"శాలువా ఎండలో వేశారేంటి వదినా?" అడిగింది ఇంద్రజ చేయి కడుక్కుంటూ.

"ముక్కిన వాసన వస్తుంటేనూ."

మంచు పడకముందే దాన్ని తీసుకొచ్చి మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. పెట్టెని అటక మీదికి ఎక్కించమని ఎవరినీ అడగలేదు. గది మూలనే ఉంది అది.

పరీక్షకి ఆదివారం పెట్టుకున్నారు. పైన రేకులూ, లోపల ప్లైవుడ్డూ వేసి, తెల్లరంగు పూసిన బండిని కారుకి తగిలించి కోరుకొండ దాకా వెళ్ళి రావాలి. ఫ్రిజ్ ఇంకా రాలేదు. దాని బరువుకి బియ్యం బస్తా, బ్యాటరీ బరువుకి మేకుల పెట్టె ఎక్కించారు. నీళ్ళ డబ్బా నింపారు. యెహెజ్కేలు ముందు సీట్లో కూర్చుని చప్పుళ్ళు వింటానన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంద్రజ చుట్టాల ఇంట్లో నిశ్చయ తాంబూలాలకి కొవ్వూరు వెళ్ళిందని.

ఉదయ్‌భాస్కర్ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. "అక్కయ్యా, కాసేపు వచ్చి వెనక కూర్చోవా? అసలు బరువుతో చూస్తేగానీ తెలియదు. నువ్వు అచ్చం ఇంద్రజంతే ఉంటావు."

పరమేశ్వరి స్టవ్వు కట్టేసింది. అతను చెయ్యి అందించి బండి ఎక్కించాడు. లోపల పరుపు మీద చిన్ని అప్పటికే కాళ్ళు బారచాపుకుని ఫోనుతో వీడియో తీస్తోంది. పరమేశ్వరి బియ్యం బస్తా పక్కన కూర్చుంది. అది ఎవరి బదులో, తను ఎవరి బదులో ఆవిడకి తెలుసు. తనకి బదులుగా అక్కడ ఏదీ లేదు.

బండి కదిలింది. వెనక కిటికీ ఆవిడకి ఎదురుగా ఉంది. అందులోంచి వీధి, వీధి చివరి కిళ్ళీ కొట్టు, ఆగిన ఆటోలు ఒకటొకటిగా చిన్నవైపోయాయి. ఇన్నేళ్ళూ వంటింటి కిటికీలోంచి, వెళ్ళేవాళ్ళు చిన్నవైపోవడం చూసింది. ఇప్పుడు ఉండిపోయేవి చిన్నవైపోతున్నాయి. ఇది కాస్త నయమనిపించింది. స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరిపడింది. చిన్ని కెవ్వుమని నవ్వింది. పరమేశ్వరి చేయి మూల పలకని పట్టుకుంది. ఏ నట్టూ కదల్లేదు. గూడు ఎక్కడా కిర్రుమనలేదు. కింద ఇనుము గుండెల్లోంచి మోగుతున్నట్టుంది గానీ పైనంతా నిశ్శబ్దంగా ఉంది.

కోరుకొండ సెంటర్లో సంత రద్దీగా ఉంది. ట్రాఫిక్ పోలీసు ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. తెల్లటి డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంటండీ ఇది? ఐస్‌క్రీమా?"

"కాదండీ, క్యాంపింగుకి. మా సొంతానికి చేయించుకున్నాం," అన్నాడు ఉదయ్‌భాస్కర్ గర్వంగా.

లోపల చిన్ని తుమ్మింది. పోలీసు పక్క తలుపు లాగాడు. "లోపల మనుషులున్నారే!"

"మా అక్కయ్యండి. మా అమ్మాయండి. పడుకుని ప్రయాణం చెయ్యడానికే కదండీ ఇది."

"ఎవరు చెప్పారు మీకు? ఆగాక పడుకోండి, ఎవరొద్దన్నారు? కదిలే బండిలో మనుషులు ఉండకూడదు. కొక్కెం ఊడి వెనక్కి దొర్లితే వీళ్ళ గతేంటి?"

"ఊడదండి. మాది ఇనప కొట్టు."

"మీది ఇనప కొట్టని కొక్కేనికి తెలుసా?"

సంతలో వంకాయలు కొంటున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. "ట్రాక్టర్ తొట్టిలో జనం ఎక్కుతారు కదండీ," అన్నాడు యెహెజ్కేలు మెల్లగా.

"అదీ తప్పే. అక్కడ నాకు దొరకరు, ఇక్కడ మీరు దొరికారు. దిగండి పెద్దమ్మగారూ, మెల్లగా." పోలీసు తనే కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇంత ఖాళీ పెట్టుకుని మనిషిని డబ్బాలో పెట్టడమేంటండీ?"

పరమేశ్వరి వెనక సీట్లో ఒక కిటికీ పక్కన కూర్చుంది. చిన్ని రెండో కిటికీ పక్కన. మధ్యలో ఇంకొకరు కూర్చునే చోటు అలాగే మిగిలింది. పోలీసు ఈసారికి పొమ్మన్నాడు.

బండి సంత దాటింది. యెహెజ్కేలే మొదట నోరు విప్పాడు. "నేనూ పొరబడ్డానండి. ఎంతమంది కూర్చుంటారని అడిగి మరీ కట్టానండి."

"వీడియోల్లో బండి ఆగాకే చూపిస్తారు మరి," అంది చిన్ని. తర్వాత ఏదో లెక్క వేసుకున్నట్టు ఆగింది. "నాన్నా, అంటే ఫ్రేము మోసేది సామాన్లనే అన్నమాట. మేం దాని మీద బరువే కాదు. మనందరం కార్లోనే కదా. నువ్వు, అమ్మ, నేను. ఇంకా రెండు సీట్లు ఖాళీ."

ఉదయ్‌భాస్కర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. అక్క కిటికీ బయటికి చూస్తోంది. కొండ మీది గుడి మెట్లు వెనక్కి పోతున్నాయి.

"అత్త కూడా రావచ్చుగా?" అంది చిన్ని.

"చూద్దాం," అన్నాడు.

పరమేశ్వరి తను కూర్చున్న సీటుని అరచేత్తో తడిమింది. ఈ కారు కొన్న రోజు నించీ ఇంటి ముందే ఉంది. యాంగిలరు వేసినా, అల్యూమినియం వేసినా, ఫ్రిజ్ పెట్టినా, మానినా, ఈ సీటు ఇలాగే ఖాళీగా ఉండేది. పైపుల కొసలు పట్టుకుని తను రోజుల తరబడి తగ్గించిన బరువు తనది కాదు. ఆ సంగతి తెలియగానే బాధ కలుగుతుందనుకుంది. బదులుగా, ఇంతకాలం వెతుకుతున్న వస్తువు చేతిలోనే ఉందని చూసుకున్నట్టు, కాస్త తెరిపిగా, కాస్త సిగ్గుగా అనిపించింది.

పొద్దు వాలేసరికి ఇంద్రజ కొవ్వూరు నించి వచ్చింది. చిన్ని పోలీసు గొంతుతో కథంతా చెప్పింది. కొక్కెం మాట దగ్గర ఇంద్రజ పడీ పడీ నవ్వి, ఖాళీ సీట్ల మాట దగ్గర నవ్వు ఆపింది. మొగుడి వంక చూసింది.

"బరువు సంగతి లేదు కాబట్టి రావచ్చనుకో," అన్నాడు ఉదయ్‌భాస్కర్. ఎవరూ ఏమీ అడక్కముందే అన్నాడు. "కానీ ఇల్లు? పొద్దున్నే పాలు. దేవుడి దగ్గర దీపం. నీళ్ళ మోటారు. కొట్టు నించి అబ్బులు వస్తాడు, పార్సిళ్ళు వస్తాయి. ఎవరో ఒకరు ఉండాలి కదా. ఏమంటావు అక్కయ్యా?"

అతను నిజంగానే అడిగాడు. అడగడం అదే మొదలు. ఎప్పటిలాగే 'నేనుంటాలే' అంటుందన్న ధీమాతో అడిగాడని కూడా ఆవిడకి తెలుసు. నలుగురి కాఫీ గ్లాసులూ ట్రేలో సర్దుతూ జవాబు చెప్పింది.

"తాళం వేద్దాం."

"ఏంటి?"

"అందరూ వెళ్తే ఇంటికి తాళం వేస్తారు కదా. వేద్దాం."

అందులో కాదనడానికి ఏమీ లేదు. "సరే, తాళం ఎక్కడుంది?" అన్నాడు ఉదయ్‌భాస్కర్. ఇంద్రజ బీరువా సొరుగు లాగింది. చిన్ని టీవీ కింద వెతికింది. సైకిలు తాళం దొరికింది, ట్రంకు పెట్టె తాళం దొరికింది. వీధి తలుపుకి వేసేది దొరకలేదు.

"నేను కాపురానికి వచ్చిన దగ్గర్నించీ వీధి తలుపుకి తాళం చూసిన గుర్తు లేదు," అంది ఇంద్రజ నెమ్మదిగా.

డజన్ల లెక్కన తాళాలు అమ్మే ఇంట్లో తాళం లేదు. ముగ్గురూ ఆ తలుపు వంక చూశారు. తర్వాత పరమేశ్వరి వంక చూశారు.

మర్నాడు పొద్దున్న పరమేశ్వరి ఉత్త చేతులతో కొట్టుకి వెళ్ళింది.

"ఇవాళ ఫలహారం లేదాండీ?" అన్నాడు అబ్బులు దిగులుగా.

"తాళం చూపించు. వీధి తలుపుకి."

అబ్బులు రెండు మూడు డబ్బాలు తీసి ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటే తాళంచెవి తిప్పి, కొక్కెం లాగి, మళ్ళీ నొక్కి చూసింది. ఒకటి తిరిగేటప్పుడు గరగరలాడింది, పక్కన పెట్టేసింది. ఇంకొకటి వేశాక కూడా కాస్త ఆడుతోంది. "దీనికేం భయముందో చెప్పు," అంది. అబ్బులు తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గల్లా దగ్గర్నించి ఉదయ్‌భాస్కర్ చూస్తున్నాడు. కాసేపటికి లేచి, స్టూలు వేసుకుని పై అరలోంచి అట్టపెట్టె ఒకటి దింపి, దుమ్ము ఊది ఆవిడ ముందు పెట్టాడు.

"ఇది తీసుకో అక్కయ్యా. దీనికి మారు తాళంచెవి ఎవడూ చెయ్యలేడు."

ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. తలుపు గొళ్ళేనికి ఏళ్ళుగా వేసిన రంగులు గడ్డకట్టి, తాళం దూర్చే బెజ్జం పూడిపోయి ఉంది. ఉదయ్‌భాస్కర్ చొక్కా విప్పి లోపల కొక్కేనికి తగిలించి వచ్చి, గడప మీద గొంతుకూర్చుని స్క్రూడ్రైవరుతో గీకాడు. పైన పచ్చ, దాని కింద నీలం, దాని కింద మళ్ళీ పచ్చ, చివర నల్లటి ఇనుము. ఇంద్రజ కొబ్బరినూనె తెచ్చి రెండు చుక్కలు వేసింది. చిన్ని కాలేజీ సంచీ భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి చూస్తోంది.

"రండి బయటికి, పడుతుందో లేదో చూద్దాం," అంది పరమేశ్వరి.

అందరూ వరండాలోకి వచ్చారు. ఆవిడ తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, తాళం దూర్చి నొక్కింది. పడింది. రెండుసార్లు కిందికి గుంజి చూసింది. తాళంచెవిని కొంగు చివర ముడి వేసుకుని నడుము దగ్గర దోపుకుంది. ఆ ఇంట్లో లోపల ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందోనని తలుపుకి కాస్త దగ్గరగా నిలబడింది. వంటింట్లో పంపు చుక్కలు చుక్కలుగా కారుతున్న చప్పుడు వినపడింది. అంతే.

"మీ సంగతి నాకు తెలుసు వదినా," అంది ఇంద్రజ. "మారేడుమిల్లిలో కూడా నిద్రపోరు. తాళం సరిగ్గా పడిందో లేదోనని దారంతా బెంగే."

"ఉండనీ. మీరు క్షేమంగా చేరారో లేదోనని ఇక్కడ కూర్చుని పడేదాని కంటే ఎక్కువుంటుందా?"

ఇంద్రజ నూనె చేతిని గోడకి తుడవబోయి, మానుకుని, తన కొంగుకే తుడుచుకుంది.

"సరే అక్కయ్యా, ఇంక తియ్యి," అన్నాడు ఉదయ్‌భాస్కర్ బనీనులో నిలబడి. "నా చొక్కా లోపలుంది. కొట్టుకి వెళ్ళాలి."

"ఆగు," అంది పరమేశ్వరి.

ముగ్గురూ ఆగారు.